ఎర్ర పట్టీ

ఆ ఇంట్లో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆడపడుచు ఆమెకు 'తూనీగ' అని పేరు పెట్టేసింది. వాలినట్టే వాలి లేచిపోతుందని, కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరని. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. చివరికి మొగుడు కూడా ఆ పిలుపుకే అలవాటు పడ్డాడు.

పేరు పెట్టినావిడను తప్పుపట్టడానికి లేదు. తూనీగ పళ్లు తోముకుంటూ ఫోన్ చూస్తుంది, ఫోన్ మాట్లాడుతూ బట్టలు ఆరేస్తుంది, పొయ్యి మీద పాలు పెట్టి పక్కగదిలో ప్రోగ్రాం రాసుకుంటుంది. పాలు పొంగి మంట ఆరిపోయాక పరిగెత్తుతుంది. ఎవరు ఏమడిగినా ఆమె నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఒక్క నిమిషం". ఆ నిమిషం రావడం మాత్రం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆమెది వెబ్‌సైట్ల పని. కంపెనీ చిన్నది, ఎవరింట్లో వాళ్లు కూర్చుని చేస్తారు. యజమాని తూనీగకు పూర్తిగా వ్యతిరేకం. అడిగినదానికి జవాబు చెప్పేముందు ఆయన గొంతు సవరించుకునే లోపల తూనీగ రెండు పనులు ముగించి, అందులో ఒకటి పాడు కూడా చేయగలదు. "నిదానం అమ్మా, నిదానం" అనడం ఆయనకు ఊతపదం. అందుకని ఇంట్లో ఆయన పేరు నిదానంగారు.

ఆ నిదానంగారి ఓపిక కూడా ఒక రోజు అయిపోయింది. కంపెనీ చూసుకునే సైట్లలో ఒక సాంకేతిక శిక్షణ సంస్థది ఉంది. దరఖాస్తులు, పరీక్షలు, ఫలితాలు అన్నీ అందులోనే. దానిలో ఏ చిన్న మార్పు చేయాల్సి వచ్చినా తూనీగ నడుస్తున్న సైటులోనే నేరుగా వేలు పెట్టేది. దుకాణంలో జనం నిలబడి ఉండగానే కింద నేల తవ్వి గచ్చు వేయడం లాంటి పని అది. ఫలితాలు వచ్చే రోజు కూడా అలాగే వేలు పెట్టింది, ఒక బ్రాకెట్టు మూయడం మరిచింది, పేజీ మొత్తం తెల్లకాగితమైపోయింది. తప్పు ఎక్కడుందో దొరికేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పటికే సంస్థ గేటు దగ్గర పిల్లలు, పిల్లల వెనక తల్లిదండ్రులు, అందరి నోళ్లలోనూ నిదానంగారి కంపెనీ పేరు నలుగుతోంది.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదని తూనీగ తర్వాత మొగుడితో అంది. ఇంట్లోనే సైటుకు ఒక నకలు పెట్టుకోమన్నాడు. రాసిన ప్రతి స్క్రిప్టూ, అంటే ప్రతి ప్రోగ్రాం ముక్కా, ముందు ఆ నకలులో నడిపి చూసి, విరిగేదేదో అక్కడే విరిగాక, బాగుచేసి అప్పుడు అసలు సైటుకు ఎక్కించమన్నాడు. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే వేరే ఉద్యోగం చూసుకోవాల్సి ఉంటుందని కూడా అదే నిదానంతో చెప్పాడు. ఫోన్ పెట్టేసేముందు మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"నకలు నెత్తిన ఒక ఎర్ర పట్టీ వేసి, ఇది పరీక్ష కోసం మాత్రమే అని రాయమ్మా. మరిచిపోకు."

"చూసేది నేనొక్కదాన్నే కదండీ."

"అయినా రాయి."

రాస్తానంది తూనీగ. ఒక్క నిమిషంలో రాస్తానంది.

అటక మీద మొగుడి పాత కంప్యూటరు ఒకటి పడి ఉంది. బస్సు డ్రైవరుగా చేరకముందు అతనికి పాటల పిచ్చి ఉండేది, అప్పటిది. తూనీగ దాన్ని దించి, దుమ్ము దులిపి, వరసగా తుమ్మి, ఎక్కడ పెట్టాలా అని చంకనేసుకుని ఇల్లంతా తిరిగింది. ముందు గదిలో దారికి అడ్డం. వంటింట్లో తడి. చివరికి అది వదిన గదిలో ఇస్త్రీ బల్ల కిందకు చేరింది.

వదిన అంటే మొగుడి అక్క, తూనీగకు పేరు పెట్టినావిడ. చిన్నప్పుడే పెళ్లయి, అంతకంటే తొందరగా ఆ పెళ్లి వద్దనుకుని పుట్టింటికి వచ్చేసి, తమ్ముణ్ణి చదివించి, ఇల్లు నిలబెట్టిన మనిషి. ఆఫీసులన్నీ ఉన్న ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడుపుతుంది. స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్లు చెప్పిన అంతస్తు మీట నొక్కడం, తలుపు లాగడం, తోయడం. పొద్దస్తమానం పైకీ కిందకీ తిరిగి ఎక్కినచోటే దిగి ఇంటికొస్తానని తన మీద తనే నవ్వుకునేది. ఇప్పుడు ఆ భవనానికి కొత్త లిఫ్టులు వస్తున్నాయి. వాటిలో స్టూలు ఉండదు. స్టూలు మీద మనిషి అవసరమూ ఉండదు.

కంప్యూటరు ఆన్ చేయగానే దాని ఫ్యాను గిర్రుమని మోత మొదలుపెట్టింది. తన గదిలో పిండిమర ఎందుకు పెట్టావని అడిగింది వదిన. జోలపాట అనుకో వదినా, హాయిగా నిద్ర పడుతుంది అని తూనీగ బల్ల కింద దూరింది.

నకలు లేవాలంటే ముగ్గురు కలిసి పనిచేయాలి. అడిగిన పేజీ అందించే సర్వరు, సమాచారం దాచే డేటాబేసు, రాసిన స్క్రిప్టును చదివి నడిపించే ఇంకో ప్రోగ్రాం. విడివిడిగా ముగ్గురూ బుద్ధిమంతులే, ఒక కప్పు కింద పెడితే మాత్రం పొసగదు. సర్వరు అసలు లేవనంది. మొగుడు పాటల పిచ్చిలో ఎక్కించిన ప్రోగ్రాం ఒకటి దాని దారికి అడ్డంగా కూర్చుని ఉంది. దాన్ని వెళ్లగొడితే సర్వరు లేచింది గానీ, స్క్రిప్టును నడపడం మానేసి లోపల రాసిందంతా ఉన్నదున్నట్టు తెర మీద కక్కేసింది. అది సర్దుకుందనుకుంటే డేటాబేసు పాస్‌వర్డు తప్పంది. తప్పు కాదని తూనీగకు తెలుసు, డేటాబేసు వినదు. అదీ దారికొచ్చాక అక్షరాలు ఉండాల్సినచోట ప్రశ్నార్థకాలు బారులు తీరాయి.

తూనీగకు తల ప్రాణం తోకకు వచ్చింది. లేచి కిటికీ తీసేది, మళ్లీ మూసేది, నీళ్లు తాగడానికి వెళ్లి తాగకుండానే తిరిగొచ్చేది, కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగేది. ఇస్త్రీ చేసుకుంటున్న వదిన, మరదలు బల్ల కింద ఉందో లేదో వంగి చూసుకుని మరీ కాలు కదిపేది. "నీకు దెయ్యం పట్టలేదు కదా" అని ఒకసారి అడిగింది. దెయ్యం పడితే ఇంత పని చేయించదని తూనీగ జవాబిచ్చింది.

మొత్తానికి నకలు లేచింది. ఖాళీ సైటులో పరీక్షలు జరపడం కుదరదు కాబట్టి ఉత్తుత్తి దరఖాస్తుదార్లు కావాల్సి వచ్చారు. తూనీగ మెడ తిప్పి వంటింట్లోకి చూసింది. గరిటె, జల్లెడ, చేట, రోకలి అందరూ కోర్సులకు దరఖాస్తు పెట్టేశారు. జల్లెడకు పెళ్లి కాలేదు. రోకలికి డ్రైవింగు లైసెన్సు ఉంది.

ఒక్క చిక్కు మిగిలింది. నకలులో ఏ లింకు నొక్కినా దాని మీద అసలు సైటు పేరే ఉండడంతో అది ఎగిరి అసలు సైటులోనే పడుతోంది. ఒక్కొక్క పేజీ తెరిచి ఆ పేర్లన్నీ మార్చుకుంటూ రావాలి. అది ఓపికున్నవాళ్ల పని. తూనీగ వైఫై ఇచ్చే ఇంటి రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఒకే ఒక్క వాక్యం రాసింది. ఈ ఇంటి వైఫై మీద ఎవరు ఆ సైటు పేరు అడిగినా ఇస్త్రీ బల్ల కింది కంప్యూటరుకు పంపమని. ఆ పాత సైటుకు తాళం గుర్తులాంటి భద్రతలేవీ లేవు కాబట్టి ఏ ఫోనూ అనుమానపడలేదు. గడప బయట ఆ పేరు కొడితే సంస్థ సైటు వస్తుంది, గడప లోపల కొడితే తూనీగ నకలు వస్తుంది. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే. ఇంత దగ్గర దారి కనిపెట్టినందుకు తన భుజం తనే తట్టుకుంది.

ఎర్ర పట్టీ సంగతి గుర్తుకొచ్చింది. రేపు వేద్దాంలే అనుకుంది.

సంస్థవాళ్లు సాయంత్రం తరగతులకు దరఖాస్తులు పిలిచిన కబురు ఇంటికి మోసుకొచ్చింది కూడా తూనీగే. వాటిలో లిఫ్టు మెకానిక్ కోర్సు ఉందని చెప్పగానే వదిన చేతిలో పని ఆగిపోయింది. వయసు ఎంతవరకూ అని అడిగింది. వదినకు సరిగ్గా ఈ ఏడాదే ఆఖరు. వచ్చే ఏడు ఆ కోర్సు ఆమె మొహం చూడదు. ఆ మర్నాటి నుంచి వదిన లిఫ్టు కప్పులో ఉండే చిన్న తలుపు వైపు మెడ ఎత్తి చూస్తూ, ఎక్కినవాళ్లు చెప్పిన అంతస్తు కాకుండా వేరే మీట నొక్కడం మొదలుపెట్టింది.

సెలవు రోజున వదిన మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఫోన్ పట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని ఫారం నింపడానికి కూర్చుంది. తూనీగ అదే గదిలో నేల మీద ఉంది, చెవిలో నిదానంగారు ఉన్నాడు. "అమ్మాయ్, ఇక్కడేదో ఫొటో పెట్టమంటోంది, ఒక్కసారి చూడవే" అని వదిన పిలిచింది. తూనీగ వేలెత్తి ఒక్క నిమిషం అని సైగ చేసింది. ఆ ఫోన్ అయ్యేసరికి ఇంకోటి వచ్చింది. వదిన కాసేపు చూసి, తనే కిందా మీదా పడి నింపేసుకుంది. 'మీ దరఖాస్తు అందింది' అని తెర మీద వచ్చిందట, సంబరపడుతూ ఫోన్ ముందుకు చాచింది. తూనీగ తల తిప్పకుండానే "ఇంకేం వదినా, సీటు నీదే" అంది.

వదిన ఫారం మంచం మీద నుంచి బయలుదేరి, గది దాటకుండానే, రోకలి వెనక వరసలో నిలబడింది.

ఆ తర్వాతి రోజుల్లో ఇద్దరికీ కాళ్లు నిలవలేదు. తూనీగకు అది మామూలే. నిబ్బరానికి పెట్టింది పేరైన వదిన కూడా, కూరలో ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు అడిగే స్థితికి వచ్చింది. పిలుపు ఎప్పుడొస్తుందే అని రోజూ సాయంత్రం అడిగేది, గడువు ముగిశాక వదినా అని తూనీగ రోజూ చెప్పేది. ఇంట్లో ఉన్నంతసేపూ సైటు తెరిచి తన పేరు పక్కన 'అందింది' అన్న మాట చూసుకుని మూసేసేది. పనిలో చూసుకోవడానికి లిఫ్టులో సిగ్నల్ రాదు. వస్తే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

గడువు ముగిసింది. మర్నాడు పొద్దున, ఎంపిక పరీక్షకు పిలవాల్సినవాళ్ల జాబితా తీసే స్క్రిప్టును పరీక్షించమని నిదానంగారు కబురు పెట్టాడు. మధ్యాహ్నం సంస్థవాళ్లు అసలు సైటులో దాన్ని నడుపుతారు. తూనీగ నిలబడే కాఫీ తాగుతూ నకలులో నడిపింది. జాబితా చక్కగా వచ్చింది. గరిటె, జల్లెడ, చేట, రోకలి. రోకలి కింద వదిన.

తనే సరదాకు ఎక్కించి మరిచిపోయానేమో అనుకుంది మొదట. తెరిచి చూస్తే వదిన ఫొటో ఉంది, దిండు గలీబు ముందు కూర్చుని బిగుసుకుపోయి తీసుకున్నది. ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారు అన్న ప్రశ్న కింద వదిన రాసుకున్న జవాబు ఉంది. "ఇన్నేళ్లు ఈ పెట్టె లోపల కూర్చున్నాను. ఆగిపోతే పై నుంచి ఎవరో వచ్చి బాగుచేస్తారు, అప్పటిదాకా లోపలివాళ్లకు ధైర్యం చెప్పడమే నా పని. నాకు పైన ఏముందో చూడాలని ఉంది."

తూనీగ కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టిందో ఆ తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. పరుగున వాకిట్లోకి వెళ్లి, వైఫై ఆపేసి, ఫోన్ సిగ్నల్ మీద అసలు సైటు తెరిచింది. అక్కడ వదిన పేరు లేదు. ఎంత కిందకు జరిపినా లేదు.

ఏం చేయాలో ఆలోచించకముందే ఆమె వేళ్లు పని మొదలుపెట్టేశాయి. అసలు డేటాబేసు పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది. నకలులో వదిన వరసను కాపీ చేసింది, అసలుదాంట్లో కొత్త వరస తెరిచింది, అతికించింది. తేదీ దగ్గర వదిన నిజంగా నింపిన రోజే పడింది. మీట నొక్కితే అయిపోతుంది. వదిన దరఖాస్తు చేసిన మాట నిజమే కదా, అబద్ధం ఏముంది ఇందులో అని గొణుక్కుంది.

జీవితంలో ఆలోచించకుండా అన్ని మీటలు నొక్కిన మనిషి, ఆ ఒక్క మీట దగ్గర ఆగింది. దరఖాస్తులకు వరస నంబర్లు ఉంటాయి. గడువు తర్వాత పడే నంబరు, గడువుకు ముందు తేదీ. ఎప్పుడో ఎవరో చూస్తారు. చూసినప్పుడు దొంగదారిన వచ్చిందని వేలు చూపించేది తూనీగను కాదు, క్లాసులో కూర్చున్న వదినను. ఏ తప్పూ ఎరగని మనిషి మెడకు ఈ రాయి కట్టడానికి తనెవరు? తూనీగ తెర మీది ఆ కిటికీని మూసేసింది. మూసేశాక ఏడుపొచ్చింది.

నిదానంగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. సంస్థకు ఈ సంగతి తెలిస్తే కాంట్రాక్టు చేయి జారిపోతుందని, మీ వదినను వచ్చే ఏడాది పెట్టుకోమనమ్మా అని అన్నాడు. వచ్చే ఏడాది వయసు దాటిపోతుందంటే, ఏం చేస్తాం, నిదానంగా ఆలోచిద్దాం అన్నాడు. తూనీగ ఫోన్ పెట్టేసి మొగుడికి చేసింది. బస్సు టెర్మినల్‌లో ఆగి ఉంది కాబట్టి అతను ఎత్తాడు. అంతా విని ఒకటే మాట అన్నాడు.

"ముందు అక్కకు చెప్పు. నా నోటి నుంచి వినకూడదు ఇది."

తూనీగ కంప్యూటరు తీగలన్నీ పీకి, దుప్పట్లో చుట్టి, ఎత్తుకుని బయలుదేరింది. కాగితం మీద అచ్చు వేసి తీసుకెళ్తే సరిపోయేది. ఆ క్షణంలో ఆమెకు ఆ బుద్ధి పుట్టలేదు, కాగితాన్ని ఎవరు నమ్ముతారు, మిషనే చూపించాలి అనుకుంది. బస్సులో దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుంటే పక్కావిడ ఎన్నో నెల అని అడగబోయి మానేసింది.

వదిన లిఫ్టులో మరదల్ని, ఆమె చేతుల్లో దుప్పటి మూటను చూసి, ఇల్లు అంటుకుందా అని అడిగింది. లిఫ్టు నిండా జనం ఉన్నారు. వాళ్లు దిగేదాకా తూనీగ మూట బరువుకు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతూ నిలబడింది. పై అంతస్తులో అందరూ దిగారు. తలుపు మూసుకున్నాక మొదలుపెట్టింది. రౌటరు, నకలు, ఎర్ర పట్టీ అంటూ సగంలో ఉండగా లిఫ్టు ఆగింది, ఇద్దరు ఎక్కారు. నోరు మూసుకుంది. వాళ్లు దిగాక మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఎవరో ఎక్కారు. అలా ముక్కలు ముక్కలుగా, పైకి పోతూ కొంత, కిందకు వస్తూ కొంత, మొత్తం చెప్పింది. వదిన వింటూనే అడిగినవాళ్లకు అంతస్తులు అందిస్తూ వచ్చింది, ఒక్క మీట కూడా తప్పు నొక్కలేదు. అది చూసే తూనీగకు భయం వేసింది.

చివరికి ఇద్దరే మిగిలారు. లిఫ్టు ఖాళీగా కిందకు దిగుతోంది.

"నేను నింపుతుంటే నువ్వు నా కాళ్ల దగ్గరే ఉన్నావు" అంది వదిన.

"ఉన్నాను వదినా."

"పిలిచాను."

"పిలిచావు."

వదిన కింద తలుపు తీసి, స్టూలు వాచ్‌మన్‌కు అప్పగించి, పని ఉందని చెప్పి, చెప్పులు వేసుకుంది. మూటకు ఒక పక్క తను పట్టుకుంది. దారిలో ఆమె మాట్లాడకపోతే తూనీగ ఆగలేక రెండుసార్లు తిట్టు వదినా, తిట్టేసేయి అని బతిమాలింది. బలం మిగిలితే తర్వాత తిడతానంది వదిన.

శిక్షణ సంస్థ ప్రిన్సిపాల్ నడివయసు దాటిన మనిషి. కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని వాటి కోసం బల్ల మీద వెతుకుతోంది. తూనీగ జరిగింది చెప్పి, ఆమె గదిలో ఒక తెర, ప్లగ్గుకు చోటు అడిగి, నేల మీద కూర్చుని తీగలు బిగించింది. పిండిమర మోత మొదలైంది. నకలు తెరుచుకుంది. ప్రిన్సిపాల్ వంగి చదివింది.

"ఈ రోకలి ఎవరు?"

"మా ఇంట్లోదేనండి" అంది తూనీగ తల వంచుకుని.

"డ్రైవింగు లైసెన్సు కూడా ఉందే" అంది ప్రిన్సిపాల్. నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది. రోకలి కింద ఉన్న దరఖాస్తును తీరిగ్గా చదివింది. జవాబు దగ్గర కాసేపు ఆగి, తల ఎత్తి వదినను చూసింది. తర్వాత తూనీగ వైపు తిరిగింది. కంప్యూటరు మీ ఇంటిది, తేదీలు మీ ఇష్టం, ఇవాళ పొద్దున్నే కూర్చుని పోయిన వారం తేదీ వేసుకొచ్చినా నాకెలా తెలుస్తుందమ్మా అని అడిగింది. కోపం లేదు ఆ గొంతులో, తెలుసుకుందామనే అడిగింది.

ఇంత దూరం మోసుకొచ్చిన సాక్ష్యం ఒక్క మాటతో దూదిపింజలా తేలిపోయింది. తూనీగ లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"మీకు తెలియదండీ. కానీ మోసమే చేయాలనుకుంటే ఈ బరువు ఎందుకు మోసుకొస్తాను? మీ అసలు సైటు పాస్‌వర్డు నా దగ్గరుంది. ఇంట్లో కూర్చునే మీ జాబితాలో మా వదిన పేరు ఎక్కించేదాన్ని. పొద్దున ఎక్కించబోయాను కూడా."

అన్నాక గానీ ఏమన్నదో తూనీగకు అర్థం కాలేదు. కూర్చున్న కొమ్మను తనే నరికేసుకుంది.

అందరి దరఖాస్తులూ మార్చగల పాస్‌వర్డు మీ ఇంట్లో ఉందా అని ప్రిన్సిపాల్ అడిగింది. ఉందని చెప్పింది తూనీగ. ప్రిన్సిపాల్ ఇవాళే అది మారిపోతుందని, ఇకమీదట ఎవరింట్లోనూ ఉండదని చెప్పింది. అంటే ఇంట్లో కూర్చుని ఈ సైటు పని చేసే మనిషి అవసరం ఇక లేదన్నమాట. తర్వాత సొరుగు లాగి ఒక ఖాళీ దరఖాస్తు, ఒక తెల్లకాగితం బయటకు తీసింది. సైటు లోపం వల్ల అందని దరఖాస్తును కాగితం మీద తీసుకునే అధికారం తనకు ఉందట. అయితే ఆ లోపం ఎవరిదో, ఎలా జరిగిందో, సైటు చూసే మనిషి రాసి సంతకం పెట్టాలి. దాని ఒక ప్రతి కంపెనీకి వెళ్తుంది.

"పరీక్షకు పిలుస్తాను. సీటు సంగతి పరీక్షే చెప్తుంది. రాస్తారా?"

తూనీగ కలం తీసుకుంది. తీసుకుని వదిన వైపు చూసింది. వద్దు అని వదిన అనలేదు. ఇది రాస్తే ఉద్యోగం పోతుందని వదినకు తెలుసు, ముగ్గురి సంపాదన ఉంటేనే ఆ ఇల్లు నడుస్తుందని తెలుసు, తన స్టూలు కూడా ఎన్నాళ్లో ఉండదని తెలుసు. అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని, దరఖాస్తు వైపే చూస్తూ కూర్చుంది. తూనీగ గబగబా రాసింది. దగ్గర దారి తొక్కానని రాసింది, ఎర్ర పట్టీ వేయమని చెప్పినా వేయలేదని రాసింది, తప్పు నాదేనని రాసింది. కింద సంతకం పెట్టింది.

తిరుగు బస్సులో మూట వదిన ఒళ్లో ఉంది. నిదానంగారి ఫోన్ వచ్చింది. రేపటి నుంచి లాగిన్ కావద్దన్నాడు, అదీ నిదానంగానే. ఒక్క పట్టీ వేసి ఉంటే అయిపోయేది కదమ్మా అన్నాడు. అవునండీ అంది తూనీగ. ఆయన మీద కోపం కూడా రాలేదు, అదే బాధగా ఉంది. ఫోన్ సంచిలో పడేసి కిటికీ వైపు తిరిగింది.

"ఆపుదామనుకున్నానే" అంది వదిన కాసేపటికి. "నోరు రాలేదు. సీటు మీద ఆశ నోరు కట్టేసింది."

"ఆపి ఉంటే జన్మలో నీతో మాట్లాడేదాన్ని కాదు."

"అబ్బో. పొద్దున్నుంచి నేను నీతో మాట్లాడాలా వద్దా అని ఆలోచిస్తుంటే." వదిన మూటను ఒళ్లోకి ఇంకొంచెం లాక్కుంది.

సాయంత్రం ఇంట్లో తూనీగ కంప్యూటరును మళ్లీ బల్ల కింద పెట్టి తీగలు బిగించింది. మొట్టమొదట రౌటర్‌లోని ఆ వాక్యాన్ని చెరిపేసింది. తర్వాత నకలు తెరిచి, దాని నెత్తిన ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్ర పట్టీ వేసింది. ఇది పరీక్ష కోసం మాత్రమే అని పెద్ద అక్షరాలతో రాసింది. ఇక దాన్ని చూసేవాళ్లు ఎవరూ లేరు, ఆమెకు కూడా దానితో పని లేదు. అయినా అక్షరాలు మధ్యకు వచ్చాయో లేదో సరిచూసి మరీ వేసింది. రేపటి నుంచి ఏం చేయాలో తెలియక కాళ్లు అప్పుడే దురద పెడుతున్నాయి. లేవబోయింది.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో చిన్న పీట, ఇంకో చేతిలో తమ్ముడి పనిముట్ల పెట్టెలోంచి తీసిన స్క్రూడ్రైవరు. పీట బల్ల పక్కన వేసుకుని కూర్చుంది.

"దీని మూత తీసి చూపించు. ఇంత మోత ఎందుకు పెడుతోందో లోపల చూడాలి నేను."

"ఒక్క ని..." అని నోటి దాకా వచ్చిన మాటను తూనీగ మింగేసింది.

వదిన స్క్రూడ్రైవరు ముందుకు చాచి, అలాగే పట్టుకుని కూర్చుంది.

తూనీగ దాన్ని అందుకోలేదు. కంప్యూటరు ఆపి, బల్ల కింద నుంచి బయటకు లాగి, మొదటి స్క్రూ ఎక్కడుందో వేలితో చూపించింది. నువ్వే తిప్పు వదినా, ఎడమకు తిప్పాలి అంది. అని, వదిన పక్కన నేల మీద కూర్చుంది. పాత స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి, వదిన చేయి వాటికి కొత్త, ఒక్కొక్కటీ చాలాసేపు పట్టింది. ఆఖరిది ఊడి మూత చేతికి వచ్చేదాకా తూనీగ అక్కడి నుంచి లేవలేదు.